పిల్లల షూస్ డబ్బా మీద డాక్టర్ల ముద్ర ఉంటే ఏం అర్థం చేసుకోవాలి

పిల్లల షూస్ డబ్బా ఒకటి చేతిలోకి తీసుకుని నాలుగు పక్కలా తిప్పి చూడండి. ఒక పక్క సైజు, ధర. ఇంకో పక్క గుండ్రటి ముద్ర, దాని చుట్టూ ‘పాద వైద్యుల ఆమోదం పొందినది’ అన్న అర్థం వచ్చే ఇంగ్లిషు మాటలు. మూడో పక్క ‘ఆర్థోపెడిక్’, ‘ఎర్గోనామిక్’, ‘యాంటీ బ్యాక్టీరియల్’. అడుగున ఐఎస్ఐ మార్కు. అన్నీ ఒకే రంగులో, ఒకే సైజులో అచ్చువేసి ఉంటాయి కాబట్టి అన్నిటికీ ఒకే బరువు ఉందనిపిస్తుంది. నిజానికి వాటిలో ఒకటి చట్టం కింద వచ్చిన మార్కు, ఒకటి వైద్యుల సంఘం ఇచ్చిన ముద్ర, ఒకటి ల్యాబ్ పరీక్ష మీద నిలబడ్డ మాట. మిగిలినవి కంపెనీ తనంతట తాను రాసుకున్నవి. ఏది ఏమిటో తెలిస్తే దేనికి ఎక్కువ డబ్బు పెట్టాలో, దేన్ని చూసీచూడనట్టు వదిలేయాలో తేలిపోతుంది.

ఏ ముద్ర అయినా ఆ షూ గురించే మాట్లాడుతుంది. మీ పిల్ల పాదాన్ని ఆ ముద్ర వేసినవాళ్లెవరూ చూడలేదు. ఈ తేడా కిందికి వచ్చేకొద్దీ చాలాసార్లు అవసరమవుతుంది.

ముందు అమెరికా ముద్ర సంగతి చూద్దాం. ఈ రకం ముద్రల్లో బాగా పేరున్నది అదే. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటున్న మన కుటుంబాలు దుకాణంలో తరచూ చూసేది అదే, సెలవులకు వచ్చేటప్పుడు మేనల్లుడికో మనవరాలికో సూట్‌కేసులో పెట్టుకొచ్చే జత మీద కూడా అది ఉండొచ్చు. ఇచ్చేది అమెరికన్ పొడియాట్రిక్ మెడికల్ అసోసియేషన్, పొట్టిగా ఏపీఎంఏ. 1912లో మొదలైన సంఘం. పొడియాట్రిస్టు అంటే అక్కడ పాదానికీ చీలమండకీ మాత్రమే వైద్యం చేసే డాక్టరు. చదువు కూడా వేరే, డీపీఎం అనే డిగ్రీ. మన దగ్గర ఆ శాఖ ఇంకా పెద్దగా వేళ్లూనుకోలేదు, పాదంలో నొప్పి అంటే ఎముకల డాక్టరు దగ్గరికే వెళ్తాం. అందుకే ‘పొడియాట్రిస్టు’ అన్న మాట డబ్బా మీద కనిపిస్తే ఇక్కడ దాని అర్థం ఎవరూ అడగరు, గొప్పగా మాత్రం వినిపిస్తుంది.

ఈ సంఘం ఇచ్చే ముద్రలు రెండు. షూస్, సాక్సులు, ఇన్‌సోల్స్ లాంటి వాటికి ఇచ్చేది ‘సీల్ ఆఫ్ యాక్సెప్టెన్స్’. పాదాలకు వాడే చికిత్స వస్తువులకు ఇచ్చేది ‘సీల్ ఆఫ్ అప్రూవల్’. కాబట్టి షూ పక్కన ‘ఏపీఎంఏ అప్రూవ్డ్’ అని అమ్మకందారు రాసుకుంటే అది సంఘం వాడే మాట కాదు. అలా రాసినంత మాత్రాన మోసమని అనుకోనక్కర్లేదు, చాలామంది అజాగ్రత్తగా రాస్తారు. కానీ ముద్ర నిజంగా ఉందా లేదా అని వెతకడానికి అది మంచి కారణం.

ముద్ర ఎలా వస్తుందో తెలిస్తే దాని హద్దు కూడా తెలుస్తుంది. కావాలనుకున్న కంపెనీయే దరఖాస్తు పెడుతుంది, రుసుము కడుతుంది, నమూనాలు పంపుతుంది. పొడియాట్రిస్టుల కమిటీ ఒకటి వాటిని చూసి, పాదాల ఆరోగ్యానికి పనికొస్తుందని నమ్మితే ముద్ర వేసుకోనిస్తుంది. డబ్బు కట్టారు కాబట్టి ముద్ర అబద్ధమని అనడం సరికాదు. పరిశీలనకు ఖర్చవుతుంది, ఎవరో ఒకరు భరించాలి. అయితే ఈ పద్ధతి నుంచి కొన్ని విషయాలు వాటంతట అవే బయటపడతాయి. ముద్ర లేని షూ పరీక్షలో తప్పిన షూ అవ్వనక్కర్లేదు, అసలు దరఖాస్తే పెట్టి ఉండకపోవచ్చు. చిన్న కంపెనీలు చాలావరకు పెట్టవు. ముద్ర బ్రాండుకు కాదు, మోడల్‌కు వస్తుంది. బ్రాండు వెబ్‌సైట్ పైన పెద్ద అక్షరాలతో ముద్ర బొమ్మ ఉండి, మీరు కొంటున్న మోడల్‌కు అది లేకపోవడం జరుగుతూనే ఉంటుంది. ముద్ర పొందిన వస్తువుల జాబితా సంఘం వెబ్‌సైట్‌లో వెతుక్కోవచ్చు. బ్రాండు పేరు కొట్టి ఆగిపోకుండా మోడల్ పేరు దొరికేదాకా చూడాలి. ఇక, రెండు మోడళ్లను పక్కపక్కనే పెట్టి ఇది దానికంటే మంచిదని ఆ కమిటీ ఎవరికీ ర్యాంకులు ఇవ్వడం లేదు. రెండు జతల మీదా ముద్ర ఉంటే ఆ ముద్ర మీకు ఎంచుకోవడంలో సాయం చేయలేదు.

ఇంకా ముఖ్యమైనది మరొకటి ఉంది. ముద్ర ఇచ్చే సంఘానికి షూ ఎలా ఉండాలన్న దాని మీద సొంత అభిప్రాయం ఉంటుంది. ఏపీఎంఏ తల్లిదండ్రులకు చెప్పే మూడు పరీక్షలు చూడండి. షూ మడమ భాగాన్ని రెండు పక్కల నుంచి బొటనవేలితో, చూపుడువేలితో నొక్కితే అది లోపలికి కుంగకూడదు. ముందు భాగం పిల్లల వేళ్లు వంగేచోట వంగాలి. మధ్య భాగాన్ని రెండు చేతులతో పట్టుకుని తడిబట్ట పిండినట్టు మెలితిప్పితే మెలి తిరగకూడదు. ఇది బలమైన మడమ, గట్టి నడుము ఉన్న షూను మెచ్చుకునే చూపు.

ఇంకో చూపూ ఉంది. 1991లో అమెరికా పిల్లల వైద్య పత్రిక ‘పీడియాట్రిక్స్’లో లిన్ స్టాహెలీ అనే పిల్లల ఎముకల డాక్టరు పిల్లల షూస్ మీద అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ సమీక్షించి రాశారు. పాదం బాగా ఎదిగేది చెప్పుల్లేకుండా తిరిగినప్పుడేనని, షూ అసలు పని దెబ్బల నుంచి, మురికి నుంచి కాపాడటమేనని, బిగుతుగా గట్టిగా ఉండే షూస్ వల్ల వైకల్యం, బలహీనత రావొచ్చని, ‘సరిదిద్దే షూస్’ అన్న పేరే తప్పని ఆయన నిర్ధారణ. మన ఇళ్లలో గుమ్మం బయటే చెప్పులు విడిచి, పిల్లలను ఇల్లంతా వట్టికాళ్లతో తిరగనిచ్చే అలవాటుకు ఈ మాట చాలా దగ్గరగా ఉంది.

ఈ రెండిటి మధ్య ఎక్కడ నిలబడాలి? అడుగులు నేర్చుకుంటున్న వయసు నుంచి మూడేళ్ల దాకా మెత్తగా, తేలిగ్గా, చేత్తో సులువుగా వంగే షూ కావాలి, అదీ బయటికి వెళ్లినప్పుడే. బడికి వెళ్లే పిల్లలకు మడమ భాగం కుంగకుండా ఉండటం మంచిదే, కాలు లోపల పక్కలకు జారకుండా పట్టుకుంటుంది. కానీ గట్టి మడమ పాదాన్ని బాగుచేస్తుందని నమ్మి కొనకండి. రెండు వర్గాలూ పేచీ లేకుండా ఒప్పుకునేది ఒకటుంది. షూ వేళ్ల మొదళ్ల దగ్గర వంగాలి, సరిగ్గా నడిమికి వంగకూడదు. దుకాణంలోనే షూ ముందు కొసను ఒక అరచేత్తో, మడమను ఇంకో అరచేత్తో పట్టుకుని దగ్గరికి నొక్కి చూడండి. మడత ముందు నుంచి మూడోవంతు దగ్గర పడితే సరే. సగం దగ్గర పడితే, ఆ షూ వేసుకుని పరిగెత్తే పిల్ల పాదం వంగాలనుకునే చోటు ఒకటి, షూ వంగే చోటు ఇంకొకటి అవుతుంది. రెండు చేతులతో నొక్కినా మీకే వంగకపోతే 15 కిలోల పిల్ల నడకకు అది వంగదు. మడమ లేచిపోతుంది, అక్కడే బొబ్బ లేస్తుంది.

సంఘం ముద్ర కాకుండా, ఏ సంఘం పేరూ లేకుండా ‘డాక్టర్లు సిఫారసు చేసినది’ అని రాసి ఉంటే ఏమిటి? దాన్ని నాలుగు ప్రశ్నలతో గుచ్చి చూడాలి. ఎవరు చెప్పారు? ఏం పరీక్షించి చెప్పారు? ఏ మోడల్ గురించి? ఆ చెప్పినవాళ్లకూ కంపెనీకీ సంబంధం ఏమిటి? ఈ చివరి ప్రశ్న ఎందుకు అవసరమో 2012 నాటి ఒక వ్యవహారం చెబుతుంది. అడుగు గుండ్రంగా ఉండే షేప్-అప్స్ షూస్ వేసుకుంటే బరువు తగ్గుతారు, కండరాలు బిగుస్తాయి అన్న ప్రకటనల మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చర్య తీసుకుంటే స్కెచర్స్ కంపెనీ 4 కోట్ల డాలర్లు కట్టి పరిష్కరించుకుంది. ఆరోపణలను మాత్రం ఒప్పుకోలేదు. ప్రకటనల్లో ఒక కైరోప్రాక్టర్ (వెన్నెముకను చేత్తో సర్ది వైద్యం చేసే వ్యక్తి) సిఫారసు ఉంది. అధ్యయనం చేయడానికి ఆయనకు కంపెనీయే డబ్బిచ్చిందని, ఆయన భార్య అదే కంపెనీలో మార్కెటింగ్ ఉద్యోగి అని చూసేవాళ్లకు చెప్పలేదన్నది కమిషన్ ఆరోపణల్లో ఒకటి. దానికి ముందు ఏడాది రీబాక్ కూడా అలాంటి షూస్ మీదే 2.5 కోట్ల డాలర్లకు పరిష్కారం చేసుకుంది. అవి ప్రధానంగా పెద్దవాళ్ల షూస్ గొడవలు. కానీ సిఫారసు అన్న మాట ఎలా పుడుతుందో పిల్లల షూస్‌కైనా తెలుసుకోదగ్గదే.

‘డాక్టర్ డిజైన్ చేసినది’ అంటే ఒక డాక్టరు గీయడంలో సాయపడ్డారని మాత్రమే, తర్వాత ఎవరైనా పరీక్షించారని కాదు. ‘క్లినికల్లీ టెస్టెడ్’ అంటే పరీక్ష జరిగిందని, ఫలితం ఏం వచ్చిందో ఆ మాటలో లేదు. ‘ఆర్థోపెడిక్’, ‘ఎర్గోనామిక్’, ‘అనటామికల్’ మామూలు షూ మీద ఎవరైనా రాసుకోగలిగే మాటలు. ‘మెమరీ ఫోమ్’ లోపలి మెత్త పేరు. చేత్తో నొక్కితే హాయిగా ఉంటుంది, అంతకుమించి ఆరోగ్య హామీ ఏమీ లేదు. పైగా మరీ మెత్తగా మందంగా ఉన్న పరుపు మీద చిన్నపిల్లలకు నిలకడ తగ్గుతుంది.

మన దేశంలో ఈ విషయంలో ఒక నియమం ఉంది, చాలామందికి తెలియదు. 2002 నాటి వైద్య మండలి వృత్తి నియమావళి ప్రకారం డాక్టరు తన పేరుతో, సంతకంతో, ఫొటోతో ఏ వ్యాపార వస్తువుకూ ప్రకటనలో వాడుకునేలా సిఫారసు గానీ ధ్రువపత్రం గానీ ఇవ్వకూడదు. మందులకే కాదు, వ్యాపార వస్తువు ఏదైనా సరే. కాబట్టి ఇక్కడి షూ ప్రకటనలో ‘డాక్టర్లు సిఫారసు చేస్తున్నారు’ అని ఉంటే రెండే దారులు. పేరుంటే ఆ డాక్టరు నియమం దాటినట్టు. పేరు లేకపోతే అడగడానికి మనిషే లేడు. ఏ దారిలో చూసినా ఆ మాట మీద మీరు అదనంగా రూపాయి పెట్టడానికి కారణం కనిపించదు.

ప్రకటనలకు సంబంధించి కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూన్ 9న మార్గదర్శకాలు తెచ్చింది. సిఫారసు చేసేవాళ్లకు ఆ వస్తువు గురించి నిజంగా తెలిసి ఉండాలి, కంపెనీతో లావాదేవీ ఉంటే బయటపెట్టాలి. తప్పుదోవ పట్టించే ప్రకటనకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా ఉంది. ‘ఈ షూ వేస్తే చదును పాదం పోతుంది’, ‘ఎత్తు పెరుగుతారు’ లాంటి మాటలు కనిపిస్తే ఆ పేజీని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, తర్వాత మార్చేస్తారు. అమ్మకందారుకు ఒక వాక్యం రాయండి: ‘ఈ మోడల్‌కు ఈ మాట ఏ సంస్థ ధ్రువపత్రం మీద రాశారు, నంబరు, తేదీ పంపండి.’ నిజంగా ఉన్నవాళ్లకు అది పంపడం పెద్ద పనేమీ కాదు. ‘హండ్రెడ్ పర్సెంట్ జెన్యూన్ ప్రోడక్ట్ మేడమ్’ అన్న జవాబు వస్తే మీకు కావాల్సిన సమాధానం వచ్చేసినట్టే. ఫిర్యాదు చేయాలనుకుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

ఇక ఐఎస్ఐ మార్కు. 2024 ఆగస్టు 1 నుంచి తోలు, ఇతర పదార్థాల పాదరక్షల్లో చాలా రకాలకు, కొన్ని మినహాయింపులతో, ఇది తప్పనిసరి అయింది. కాబట్టి దుకాణంలో ఎక్కువగా కనిపించే మార్కు ఇదే అవుతుంది, ఇది ఆరోగ్య ముద్ర అని పొరబడేవాళ్లూ ఎక్కువవుతారు. మార్కును దగ్గరగా చూడండి. బొమ్మ పైన ఐఎస్ అని, పక్కన అంకెలు ఉంటాయి. అది ప్రమాణం నంబరు: హవాయి చెప్పులకు 10702, ఆటల షూస్‌కు 15844, బడి నల్ల షూస్ ఎక్కువగా ఉండే డెర్బీ రకానికి 17043. బొమ్మ కింద సీఎం/ఎల్ అని మొదలై వచ్చే అంకెలు తయారీదారు లైసెన్సు నంబరు. ఆ నంబరును, ఈ మార్కు ఇచ్చే భారతీయ ప్రమాణాల సంస్థ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఎవరి లైసెన్సు, ఏ వస్తువుకు, ఇంకా నడుస్తోందా లేదా అన్నీ వస్తాయి. యాప్‌లో వచ్చిన పేరు, డబ్బా మీది తయారీదారు పేరు కలవాలి. సీఎం/ఎల్ నంబరు లేకుండా బొమ్మ ఒక్కటే ఉంటే అది మార్కు కిందికి రాదు.

ఈ ప్రమాణాలు చూసేది వాడే సరుకు నాణ్యతను. సోల్ ఎంత త్వరగా అరుగుతుంది, పదే పదే వంచితే పగులుతుందా, పై భాగం నుంచి సోల్ ఊడిపోతుందా, ఇలాంటివి. ఏడాది పొడుగునా బడికి తొడిగే జతకు ఇవి అవసరమైన పరీక్షలే, జూన్‌లో కొన్న షూ దసరాకల్లా నోరు తెరిస్తే బాధపడేది మనమే. అయితే ఐఎస్ఐ మార్కు ఉంటే పాదానికి నప్పుతుందని ఎవరూ చెప్పలేదు.

మిగిలిన గుర్తుల గురించి త్వరగా. ఓకో-టెక్స్ స్టాండర్డ్ 100 హానికర రసాయనాల పరీక్ష. అందులో మొదటి తరగతి మూడేళ్ల లోపు పిల్లల వస్తువులకు, అన్నిటికంటే కఠినమైనది. నోట్లో పెట్టుకునే వయసు పిల్లల గుడ్డ షూస్‌కు ఇది అర్థవంతమైన గుర్తు, లేబుల్ మీది నంబరును వాళ్ల వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు. లెదర్ వర్కింగ్ గ్రూప్ గుర్తు తోలు శుద్ధి చేసే కర్మాగారం పర్యావరణ తీరు గురించి, మీ పిల్ల పాదానికి సంబంధం లేదు. ఐఎస్ఓ 9001 కంపెనీ పని పద్ధతుల గురించి. విదేశీ జతల సోల్ మీదో నాలుక లోపలో మూడు చిన్న బొమ్మలు ఉంటాయి. అవి యూరప్ చట్టం కోరే పదార్థాల గుర్తులు. పై భాగం, లోపలి పొర, సోల్ దేనితో చేశారో చెబుతాయి. పరిచిన తోలు ఆకారం ఉంటే తోలు, దాని మధ్యలో వజ్రం ఆకారం ఉంటే పూత వేసిన తోలు, నేత గళ్లు ఉంటే గుడ్డ, వజ్రం ఒక్కటే ఉంటే ఇతర పదార్థం. మన ఎండల్లో చెమట పట్టే పాదానికి లోపలి పొర గుర్తు ఆర్థోపెడిక్ అన్న మాట కంటే ఎక్కువ పనికొస్తుంది. లోపలి పొర బొమ్మ దగ్గర వజ్రం కనిపిస్తే అది ప్లాస్టిక్ రకం కావొచ్చు, వేలు పెట్టి తడిమి చూడండి.

జర్మనీలో డబ్ల్యుఎంఎస్ అనే పద్ధతి ఉంది. ఆ మూడక్షరాలు జర్మన్‌లో వెడల్పు, మధ్యస్థం, సన్నం అన్న మాటలవి. ఆ పద్ధతిలో పిల్లల పాదం పొడవుతో పాటు వెడల్పూ కొలిచి, దానికి తగ్గ షూ ఇస్తారు. ముద్రల్లో ఇలాంటిది మేలు, ఎందుకంటే ఇది పిల్ల పాదాన్ని లెక్కలోకి తీసుకుంటుంది. మన దగ్గర దొరికే షూస్‌లో చాలావాటికి పొడవు ఒక్కటే నంబరు, వెడల్పు ఎవరూ అడగరు. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి దాకా 79 చోట్ల 1,01,880 మంది పాదాలను త్రీడీ స్కానర్లతో కొలిచింది. మనవాళ్ల పాదాలు, ఇప్పుడు వాడుతున్న విదేశీ సైజుల అచ్చుల కంటే వెడల్పు అని తేలింది. దాని ఆధారంగానే ‘భా’ అనే భారతీయ సైజుల పద్ధతి ప్రతిపాదించారు. అమెరికా కమిటీ ముద్ర ఉన్న సన్నటి అచ్చు షూ మన పిల్ల చిటికెనవేలును పక్కకు నొక్కుతుందంటే అందులో కమిటీ తప్పేమీ లేదు. వాళ్ల ముందున్నది ఆ షూ మాత్రమే.

చదును పాదం పేరుతో జరిగే అమ్మకం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఆరోగ్య ముద్రల మాటున ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే. చిన్నపిల్లల అరికాలు చదునుగా ఉండటం సహజం. వంపు ఉండాల్సిన చోట కొవ్వు మెత్త ఉంటుంది, కీళ్లు వదులుగా ఉంటాయి, వంపు ఏళ్లు గడిచేకొద్దీ తేలుతుంది. తడికాలి గుర్తు నేల మీద నిండుగా పడిందని మూడేళ్ల పిల్లకు ‘ఆర్చ్ సపోర్ట్’ షూ కొనడం అనవసరం. ఇంట్లోనే ఒక పరీక్ష చేయండి. పిల్లను వట్టికాళ్లతో గోడ పట్టుకుని మునివేళ్ల మీద లేవమనండి, మీరు వెనక కూర్చుని చూడండి. లేచినప్పుడు అరికాలి లోపలి పక్క వంపు తేలి, మడమలు కొద్దిగా లోపలికి తిరిగితే అది వంగే చదును పాదం. నొప్పి లేకపోతే దాని జోలికి వెళ్లక్కర్లేదు. లేచినా వంపు రాకపోతే, పాదం బిర్రుగా ఉంటే, నొప్పి అంటే, ఒక కాలికి మాత్రమే ఉంటే, కుంటుతుంటే పిల్లల ఎముకల డాక్టరుకు చూపించాలి. అప్పుడు కూడా దుకాణంలో షూ మార్చడంతో సరిపెట్టకండి.

మణిపాల్ వైద్యులు రావు, జోసెఫ్ 1992లో 2300 మంది పిల్లల అడుగుజాడలు పరిశీలించారు. చెప్పులూ షూస్ వాడే పిల్లల్లో చదును పాదం 8.6 శాతం, వాడనివాళ్లలో 2.8 శాతం. ముందు మూసి ఉన్న షూస్ వేసుకునేవాళ్లలో ఎక్కువ. దానికి మూడేళ్ల ముందే, 1989లో, అమెరికాలో వెంగర్ బృందం వంగే చదును పాదం ఉన్న చిన్నపిల్లలను గుంపులుగా చేసి, కొందరికి సరిదిద్దే షూస్, కొందరికి ప్రత్యేక ఇన్‌సోల్స్ ఇచ్చి, కొందరికి ఏమీ ఇవ్వకుండా మూడేళ్లు చూసింది. అన్ని గుంపుల్లోనూ పాదాలు మెరుగయ్యాయి, చికిత్స ఇచ్చినవాళ్లకూ ఇవ్వనివాళ్లకూ తేడా రాలేదు. కాలం చేసిన పనిని షూ చేసిందని అనుకోవడం ఎంత తేలికో దీన్ని బట్టి అర్థమవుతుంది. పిల్ల ఎదుగుతుంది, వంపు వస్తుంది, డబ్బా మీది మాట నిజమైందనిపిస్తుంది.

మరి ముద్ర ఉన్నా లేకపోయినా చేయాల్సింది కొలత. అది సాయంత్రం చేయండి, రోజంతా తిరిగాక పాదం కొద్దిగా ఉబ్బి ఉంటుంది. బడికి వేసుకునే సాక్సులు తొడగండి. గోడకు ఆనించి నేల మీద కాగితం పెట్టి, పిల్లను మడమ గోడకు తగిలేలా రెండు కాళ్ల మీదా సమానంగా నిలబెట్టండి. కూర్చోబెట్టి కొలిస్తే బరువు పడక పాదం పొట్టిగా వస్తుంది. పెన్సిలు నిలువుగా పట్టుకుని అన్నిటికంటే పొడుగైన వేలి కొస దగ్గర గీత పెట్టండి. అది బొటనవేలే కానక్కర్లేదు, కొందరికి రెండో వేలు పొడుగు. రెండు పాదాలూ కొలిచి పెద్దది తీసుకోండి.

ఆ పొడవుకు 12 మిల్లీమీటర్లు కలపండి. నడిచేటప్పుడు పాదం ముందుకు సాగడానికి కొంత, పెరగడానికి కొంత. పాదం 157 మిల్లీమీటర్లు అనుకుంటే 169. దాన్ని సెంటీమీటర్లలో 1.5తో గుణిస్తే యూరప్ సైజు: 16.9 ఇంటూ 1.5 అంటే 25.35, కాబట్టి 25 లేక 26. మన దుకాణాల్లో వాడే యూకే పిల్లల సైజులో అది 8 అవుతుంది. యూకేలో ఒక సైజుకూ తర్వాతి సైజుకూ తేడా దాదాపు 8.5 మిల్లీమీటర్లు. ‘పెరిగే కాలే కదా’ అని రెండు సైజులు పెద్దది కొంటే 17 మిల్లీమీటర్లు అదనంగా ఖాళీ వస్తుంది. పాదం ముందుకు జారి వేళ్లు కొసకు గుద్దుకుంటాయి, షూ ఊడకుండా పిల్ల వేళ్లతో నేలను పట్టుకుంటూ నడుస్తుంది, షూ వంగే చోటు వేళ్ల మొదళ్లను దాటి ముందుకు పోతుంది.

ఈ లెక్క దారి చూపడానికే. డబ్బా మీది నంబరుకూ షూ లోపలి అసలు పొడవుకూ పొంతన ఉండదు, కంపెనీ కంపెనీకి మారుతుంది. అందుకని గట్టి అట్ట తీసుకుని, పాదం పొడవుకు 12 మిల్లీమీటర్లు కలిపిన పొడవుతో, వేలెడు వెడల్పున ఒక పట్టీ కత్తిరించండి. దుకాణానికి జేబులో పెట్టుకెళ్లండి. షూ లోపల వేళ్ల కొస దాకా తోసి, మడమ దగ్గర చదునుగా పడుకోబెట్టండి. పట్టీ మధ్యలో ఉబ్బి వంగితే షూ పొట్టి. వెనక ఒక సెంటీమీటరుకు మించి ఖాళీ మిగిలితే పొడుగు. పిల్ల వెంట లేకపోయినా, విదేశం నుంచి ఎవరైనా తెస్తున్నా, పట్టీ కొలత వాట్సాప్‌లో పంపితే పని జరుగుతుంది.

పిల్లకు తొడిగి ముందు కొసను బొటనవేలితో నొక్కి చూసే పాత అలవాటును నమ్మకండి. నొక్కగానే పిల్లలు వేళ్లు ముడుచుకుంటారు, ఖాళీ ఉన్నట్టు అనిపిస్తుంది. ‘బిగుతుగా ఉందా?’ అని అడిగినా లాభం లేదు. ఆ వయసు ఎముకల్లో మృదులాస్థి ఎక్కువ, పాదం మెత్తగా షూ ఆకారానికి సర్దుకుపోతుంది, నొప్పి తెలియదు. పైగా రంగు నచ్చితే ఏ పిల్లైనా సరిపోయిందనే అంటుంది. ఆస్ట్రియాలో 858 మంది బడికి వెళ్లని వయసు పిల్లలను చూసి 2009లో ప్రచురించిన పరిశోధనలో ఎక్కువమంది వేసుకున్నవి పొట్టి షూసే. షూ ఎంత పొట్టి అయితే బొటనవేలు పక్క వేళ్ల వైపు అంత ఎక్కువగా తిరిగి ఉంది.

లోపలి ఇన్‌సోల్ ఊడివస్తే ఇంకా తేలిక. బయటికి తీసి నేల మీద పెట్టి పిల్లను దాని మీద నిలబెట్టండి. ముందు ఖాళీ ఎంతో, చిటికెనవేలు పక్కకు దాటిపోయిందో కళ్లకు కనిపిస్తుంది. వెడల్పు తెలిసే మార్గం ఇదే. చిటికెనవేలు అంచు దాటితే పెద్ద సైజుకు వెళ్లకండి, వేరే మోడల్ చూడండి. పొడవు పెంచితే వెడల్పు సమస్య తీరదు, కొత్తగా జారుడు మొదలవుతుంది. చివరగా లోపల చెయ్యి పెట్టి కుట్లు, జిగురు ముద్దలు తగులుతున్నాయా తడమండి. డబ్బా తెరవగానే ముక్కు మండే వాసన వస్తే ఎన్ని ముద్రలున్నా వదిలేయండి.

మూడేళ్ల లోపు పిల్లలకు రెండు మూడు నెలలకోసారి, ఆరేళ్ల దాకా నాలుగు నెలలకోసారి, ఆపైన ఆరు నెలలకోసారి కొలత తీయండి. పట్టీ మీద తేదీ, ఏ కాలో రాసి డబ్బా మూత లోపల అంటించి ఉంచండి. తర్వాతి కొలతకు కొత్త పట్టీ కత్తిరించి పాతదాని పక్కన పెట్టండి. తేడా 8 మిల్లీమీటర్లకు చేరిందంటే, సోల్ అరగకపోయినా, ఆ జత తమ్ముడికో చెల్లికో వెళ్లాల్సిన రోజు వచ్చినట్టే. ఇచ్చేముందు మడమ అడుగు చూడండి. ఒక పక్కే అరిగి ఉంటే ఎవరికీ ఇవ్వకండి.